పతకాల పట్టిక చూసి వాదన పెట్టుకునే ముందు

ఆసియా క్రీడలు వచ్చాయంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆటలకన్నా పతకాల పట్టిక మీదే గొడవ ఎక్కువ. చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆటల పట్టిక ముందు పెట్టుకుని ఎలా చదవాలో చెప్తాను. వెతికేటప్పుడు 2022 అని కొట్టండి, కోవిడ్ వల్ల ఆటలు 2023లో జరిగినా పేరు మార్చలేదు.

మొత్తం అంకె చూసి ఆగిపోకండి. వరస కట్టేది స్వర్ణాలను బట్టే. దక్షిణ కొరియాకి మొత్తం 190, జపాన్‌కి 188, అయినా రెండో స్థానం జపాన్‌దే, వాళ్ల స్వర్ణాలు 52, కొరియావి 42 కాబట్టి. మనకి 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు, కలిపి 107, నాలుగో స్థానం.

ఇప్పుడు ఆ 107ని ఆటలవారీగా విడదీయండి, అసలు మజా ఇక్కడే. అథ్లెటిక్స్ 29, షూటింగ్ 22, అంటే దాదాపు సగం ఈ రెండింటివే. ఆర్చరీలో వచ్చినవి తొమ్మిదే కానీ అందులో ఐదు స్వర్ణాలు, వాటిలో మూడింట్లో విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఉంది. జట్టు ఎంత పెద్దదైనా పట్టికలో పడేది ఒక్కటే, కాబట్టి ఆటగాళ్ల మెడల్లో ఉన్నవన్నీ కూడుకుంటూ పోతే లెక్క తేలదు. హైదరాబాద్ ఇషా సింగ్ మెడలో నాలుగు పడ్డాయి, వాటిలో రెండు జట్టువి. పురుషుల క్రికెట్ ఫైనలేమో వానకి కొట్టుకుపోయి, ర్యాంకు మెరుగని స్వర్ణం మనకిచ్చారు, పట్టికలో దాని పక్కన గొడుగు బొమ్మేమీ ఉండదు లెండి!

రేసు అయిన వెంటనే స్క్రీన్‌షాట్ పంపేయకండి. వంద మీటర్ల హర్డిల్స్‌లో చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలితే రెడ్ కార్డు (రేసు నుంచి అవుటని) మన విశాఖ జ్యోతి యర్రాజీకి కూడా చూపించారు, తను అక్కడే నిలబడి వాదించింది, ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు, మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని తప్పించడంతో కాంస్యం కాస్తా రజతమైంది. 2018 జకార్తా ఆటల్లో మన పతకాల లెక్కయితే వేరేవాళ్లు డోపింగ్‌లో దొరకడం వల్ల ఆ తర్వాతెప్పుడో మారింది, పాత పేపర్లలో 69, ఇప్పుడు 70.

ఇక పాత ఏళ్లతో పోల్చేటప్పుడు ఎన్ని దేశాలొచ్చాయో చూడండి. 1951 ఢిల్లీలో మనం రెండో స్థానమని మా బాబాయ్ ఇప్పటికీ దెప్పుతాడు. అప్పుడొచ్చినవి 11 దేశాలే, చైనా అసలు బరిలోనే లేదు బాబాయ్.