పాత ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను కంప్యూటర్‌కి కలిపే ముందు

మూలన పడేసిన ల్యాప్‌టాప్ నుంచి తీసిన స్క్రీన్, కంప్యూటర్ బొమ్మను దానికి అందించే ఒక కంట్రోలర్ బోర్డు తగిలిస్తే, చక్కటి మానిటర్ అవుతుంది. నేను తీసిన మొదటి స్క్రీన్ ప్యానెల్ మాత్రం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. బోర్డు మీద ప్యానెల్‌కి ఎన్ని వోల్టులు వెళ్ళాలో నిర్ణయించే చిన్న జంపర్ (పిన్నుల మీద తొడిగే క్లిప్పు) 12 వోల్టుల దగ్గర ఉంది, నేను చూసుకోలేదు. ప్యానెల్‌కి కావలసింది 3.3 వోల్టులు. మీ ప్యానెల్ అలా పోకూడదనే ఇది రాస్తున్నాను.

స్క్రీన్ విప్పే ముందు ఛార్జర్ తీసేసి, బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయండి. ప్యానెల్‌ని పక్క అంచుల దగ్గర పట్టుకోండి. కింది అంచు వెంట సన్నగా ఉండే సర్క్యూట్ పట్టీని వంచకండి, నొక్కకండి. దాని నుంచి అద్దానికి వెళ్ళే పల్చటి రిబ్బన్లలో ఒక్కటి లేచినా తెర మీద నిలువు గీతలు పడతాయి. అది ఇంట్లో బాగుచేసుకునే పని కాదు.

బోర్డు కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ చెబితే చాలదు. ఒకే మోడల్‌లో వేర్వేరు కంపెనీల ప్యానెళ్ళు వస్తాయి. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరే ఆధారం. ఎన్156బీజీఈ-ఎల్21 అయితే 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ (ప్యానెల్‌కి బొమ్మ సిగ్నల్ పంపే పాత పద్ధతి). చివర ఈ31 ఉంటే 30 పిన్నుల ఈడీపీ (అదే పని చేసే కొత్త పద్ధతి). చూడటానికి రెండూ 15.6 అంగుళాల తెరలే, కానీ ఒకదాని బోర్డు రెండోదానికి పనికిరాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో వెతికేవాళ్ళు ఆ స్టిక్కర్ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. ఆ నంబరుకు సరిపోయే ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) బోర్డులో ఉందో లేదో అక్కడే అడగండి.

ఇక జంపర్. ఎల్‌వీడీఎస్ బోర్డుల మీద సాధారణంగా 3.3, 5, 12 అని మూడు చోట్లు ఉంటాయి. ల్యాప్‌టాప్ ప్యానెళ్ళు దాదాపు అన్నీ 3.3 మీద నడుస్తాయి, 5, 12 వోల్టులు ఎక్కువగా డెస్క్‌టాప్ మానిటర్, టీవీ ప్యానెళ్ళకు. జంపర్ సరిగ్గా ఉందనిపించినా వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో చూడండి. కేబుల్ పెట్టకుండా బోర్డు ఆన్ చేసి, కేబుల్ గుచ్చే చోట కొలవాలి. ఆ చోట రెండు వరసలుగా 30 పిన్నులుండే ఎల్‌వీడీఎస్ బోర్డుల్లో (పైన చెప్పిన 40 ప్యానెల్ వైపు పిన్నులు) మొదటి మూడు పిన్నులు ప్యానెల్‌కి వెళ్ళే కరెంటువి, తర్వాతి మూడు గ్రౌండు. మీటర్ ప్రోబ్ (కొలిచే సూది) జారి పక్క పిన్నుకి తగలకుండా చేయి ఆనించి పట్టుకోండి. 3.3 కనిపించాక ఆఫ్ చేసి, ప్లగ్గు తీసేశాకే కేబుల్ పెట్టాలి. ఆ కేబుల్‌ని తిరగేసి గుచ్చినా వెళ్తుంది, కాబట్టి ఎర్ర వైర్లు ఒకటో పిన్ను వైపు ఉన్నాయో లేదో చూడండి. తిరగబడితే జంపర్ సరిగా ఉన్నా లాభం లేదు.

బోర్డుకి కరెంటు ఇవ్వడానికి ఆ ల్యాప్‌టాప్ పాత ఛార్జరే చేతికి దొరుకుతుంది. అది సాధారణంగా 19 వోల్టులది, 12 వోల్టుల బోర్డుకు పెట్టకండి.

2010కి ముందు ల్యాప్‌టాప్ అయితే లోపల ఎల్ఈడీలు కాక సన్నటి ట్యూబ్‌లైట్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని వెలిగించే చిన్న ఇన్వర్టర్ నుంచి వందల వోల్టులు వస్తాయి, వెలిగే క్షణంలో వెయ్యి కూడా దాటవచ్చు. కరెంటు ఉండగా ఆ ఇన్వర్టర్‌ని, దాని గులాబీ, తెల్ల వైర్లని ముట్టుకోవద్దు. పిల్లలున్న ఇంట్లో దానికి ప్లాస్టిక్ డబ్బా తప్పనిసరి. ట్యూబులో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, చీపురుతో ఊడ్వకుండా, అట్టముక్కతో ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, సీసాలో వేసి మూత పెట్టండి.

మన ఇళ్ళలో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగా ఉండదు. సీపీయూ డబ్బా ముట్టుకుంటే జివ్వుమనేది అందుకే. ఆ కరెంటు కొత్త బోర్డులోకి పోకుండా కంప్యూటర్‌ది, బోర్డుది రెండు ప్లగ్గులూ తీసి ఉంచి ముందు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి, తర్వాతే కరెంటు ఇవ్వండి. బోర్డుని ప్యానెల్ వెనక రేకు మీద నేరుగా పెట్టకండి, మధ్యలో అట్టో చెక్కో ఉండాలి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు చేయి స్విచ్ మీదే ఉంచండి. కాలిన వాసన వచ్చినా, ఏ చిప్ అయినా చురుక్కుమన్నా వెంటనే ఆపేయండి. బొమ్మ రెండు ముక్కలుగా వచ్చినా, రంగులు తారుమారైనా టెన్షన్ పడకండి. చాలాసార్లు అది ఫర్మ్‌వేర్ తేడానే, ప్యానెల్ బాగానే ఉంటుంది.