దుబాయ్‌ల ఉండి బిడ్డకు జ్ఞానస్నానం చేసుకునుడు ఎట్ల

మా పెద్దదానికి జ్ఞానస్నానం (మా కథోలికులు బాప్తిస్మాన్ని గట్లంటరు) అయ్యేసరికి దానికి పదహారు నెలలు, ఫాదర్ నీళ్లు పోయబోతే చెయ్యి గట్టిగ పట్టుకొని "వద్దూ" అని చర్చి మొత్తం వినపడేటట్టు అరిచింది. చిన్నోనికి రెండు నెలలకే అయిపోయింది, వాడు నిద్రల్నే ఉన్నడు. పెద్దదానప్పుడు చేసిన తప్పులన్నీ చిన్నోనప్పుడు దిద్దుకున్నం, అందుకే మా దిక్కోళ్లు కాజీపేట, హన్మకొండ, కరీంనగర్ నుంచి వచ్చినోళ్లు ఎవరన్న కడుపుతోని ఉన్నరంటే నేనే ముందుగాల పోయి చెప్తుంట. అదే ఇక్కడ రాస్తున్న.

మొదటి మాట. లీవుకు ఇంటికి పోయినప్పుడు చేద్దాం అని ఆపకండి. మేం గట్లనే ఆపినం, 21 రోజుల లీవు పెట్టుకొని టికెట్లు కొని ఫాతిమానగర్‌ల దిగినంక తెలిసింది అది తపస్కాలం (ఈస్టర్‌కు ముందటి ఉపవాస దినాలు) అని, ఫాదర్ ఏమో ఈస్టర్ అయినంక పెట్టుకుందాం అమ్మా అన్నడు, మా లీవు ఈస్టర్‌కు ముందే అయిపోతది. తపస్కాలంల ఇవ్వొద్దని రూల్ ఏం లేదు గాని చానా విచారణలల్ల (అంటే ఒక్కొక్క చర్చి కిందికొచ్చే పారిష్‌లల్ల) ఈస్టర్ దాకా ఆగమంటరు. టికెట్ కొనేముందు ఒక్క ఫోన్ చేస్తే అయిపోయేది, చేయలే, తప్పు మాదే. మల్ల దుబాయ్ వచ్చి, మల్ల క్లాసులు, మల్ల తారీఖు, గట్ల పదహారు నెలలు అయినయి. అసలు కథోలిక చట్టంల అయితే పుట్టిన మొదటి కొన్ని వారాలల్లనే ఇప్పించాలె అని ఉంటది, తల్లిదండ్రులు ఉంటున్న విచారణల ఇప్పించుడే మామూలు పద్ధతి అని కూడ ఉంటది. అంటే మీరు దుబాయ్‌ల ఉంటే మీ విచారణ దుబాయ్‌దే. నేను చెప్పేది ఒక్కటే, నీళ్లు పోసుడు దుబాయ్‌ల, బంతి భోజనం ఇంటికాడ కాజీపేటల. రెండిటినీ ఒక్క రోజుకు కట్టేస్తే రెండూ ఆగుతయి.

దుబాయ్‌ల చర్చికి కొదవ లేదు, ఊద్ మెహతాల సెయింట్ మేరీస్ ఉంది, జెబెల్ అలీల సెయింట్ ఫ్రాన్సిస్ ఉంది. షార్జాల, అబుధాబిల, కువైట్‌ల, దోహాల, బహ్రెయిన్‌ల కూడ చర్చిలు ఉన్నయి. సౌదీల ఉన్నోళ్లకే కష్టం, ఆడ చర్చే లేదు, వాళ్లు మాత్రం ఇండియాకు వచ్చినప్పుడే చేసుకోవాలె కాబట్టి లీవు ఈస్టర్ అయినంక వచ్చేటట్టు చూసుకోండి.

ఏడో నెల పడంగనే చర్చి ఆఫీసుకు పోయి పేరు రాయించుకోండి. పుట్టినంక పోతే క్లాసు తారీఖు దొరకదు, తల్లిదండ్రులిద్దరూ క్లాసుకు రావాలె అంటరు, మా ఆయనకు షిఫ్టు డ్యూటీ, రెండు సార్లు మిస్ అయిండు. కాన్పుకు ముందే క్లాసు చేసుకోవచ్చా అని అడగండి, మాకు ఒప్పుకున్నరు. కాయితాలు ఏమేం కావాలె అన్నది ఒక్కొక్క చర్చిల ఒక్కొక్క తీరు, మామూలుగ బిడ్డ బర్త్ సర్టిఫికెట్, మీ చర్చి పెండ్లి సర్టిఫికెట్, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్, బిడ్డ విశ్వాసానికి పూచీగ నిలబడేటోళ్లు) కాయితాలు అడుగుతరు. పెండ్లి సర్టిఫికెట్ కాజీపేటల బీరువల పెట్టి వచ్చినోళ్లు ఇప్పుడే ఫోటో తెప్పించుకోండి.

పేరు సంగతి జర ఆగి చదవండి. మన ఇంటిపేరు, ఇనీషియల్, పాస్‌పోర్టుల ఒక తీరు, పెండ్లి సర్టిఫికెట్‌ల ఒక తీరు ఉంటది. చర్చి రిజిస్టర్‌ల బిడ్డ పేరు, మీ పేర్లు పాస్‌పోర్టుల ఉన్నట్టే ఒక్క అక్షరం తేడా లేకుంట రాయించాలె, ఎందుకంటే ఆ రిజిస్టరే రేపు దాని కొత్త దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్‌కు), పెండ్లికి ఆధారం. సంతకం పెట్టేముందు చదువుకోండి, ఫోటోల హడావిడిల ఎవరూ చదవరు. పునీతుల (సెయింట్ల) పేరే పెట్టాలె అని అమ్మవాళ్లు పట్టుబడతరు గాని చట్టంల ఉన్నది క్రైస్తవ భావానికి విరుద్ధమైన పేరు వద్దు అని మాత్రమే. మేం పాస్‌పోర్టుల మాకు నచ్చిన పేరు పెట్టి ఇంట్ల మాత్రం మా అమ్మమ్మ పేరు మీద మరియమ్మ అని పిలుస్తం, అందరూ ఖుషీ.

ఇంకోటి, జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఉంటే చాలనుకునేటోళ్లు ఉన్నరు. చాలదు. బిడ్డ పుట్టిన ఏడాది లోపల ఇండియన్ కాన్సులేట్‌ల జననం నమోదు చేయించుకోవాలె, అది వేరే పని, దాన్ని చర్చి పనితోని కలపకండి.

ఇగ జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి. ఇక్కడనే ఇండ్లల్ల లొల్లి అయితది. ఒక్కరున్న సరిపోతది, ఇద్దరైతే ఒక మగ ఒక ఆడ. 16 ఏండ్లు నిండాలె, కథోలికులై ఉండాలె, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) తీసుకొని ఉండాలె, కన్న తల్లిదండ్రులు ఉండొద్దు. మా ఆడబిడ్డ జ్ఞానతల్లిగ ఉంట అన్నది, ఆమె హన్మకొండల బాప్టిస్టు ఇంటికి పోయి అక్కడ బాప్తిస్మం తీసుకుంది. అప్పుడు ఫాదర్ చెప్పిండు, వేరే సంఘంల బాప్తిస్మం పొందినోళ్లు ఒక కథోలిక జ్ఞానతల్లి లేకపోతే జ్ఞానతండ్రి పక్కన సాక్షిగ నిలబడొచ్చు అని. గట్లనే నిలబడ్డది. ముందే అడుగుడు మంచిది, ఆ రోజు గుడి ముంగట చెప్తే మనసు నొస్తది.

మేనమామే జ్ఞానతండ్రి కావాలె, ఆయనేమో కాజీపేటల ఉన్నడు, ఎట్ల? ఆయన తన విచారణ గురువు దగ్గర లెటర్ తీసుకొని పంపాలె, దుబాయ్‌ల ఆయన బదులు ఒకరు నిలబడతరు, రిజిస్టర్‌ల మాత్రం ఆయన పేరే రాస్తరు. ఫాదర్ ఒప్పుకుంటేనే ఇది, కాబట్టి ముందు అడిగి అప్పుడు తమ్మునికి చెప్పండి. మేం తమ్మునికి ముందు చెప్పినం, వాడు ఫాతిమానగర్ మొత్తం చెప్పుకున్నడు, లెటర్ వచ్చేదాక నాకు నిద్ర లేదు.

వరంగల్ దిక్కు మన కుటుంబాలు ఎప్పుడూ కలగాపులగమే, కథోలికులు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు అందరూ ఒక్క పెండ్లిల కూర్చుంటరు. బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇయ్యరు, ప్రతిష్ఠ చేసి ప్రార్థన చేస్తరు. మా అత్తమ్మ పుట్టినిల్లు బాప్టిస్టులు, "నోట్ల మాట రాని పిల్లకు బాప్తిస్మం ఏంది బిడ్డా" అన్నది. వాదించకండి. మేం సాయంత్రం ఇంట్ల ప్రార్థన ఆమెతోనే చేయించినం, ఆమె ఫోన్ల ఇరవై నిమిషాలు ప్రార్థన చేసింది, అన్నం చల్లారింది, ఎవరూ ఏం అనలే.

వీడియో కాల్ గురించి. ఫోన్‌ల చూసుకుంట కాజీపేట ఫాదర్ జ్ఞానస్నానం ఇచ్చుడు కుదరదు, నీళ్లు పోసేటాయన బిడ్డ దగ్గర మనిషిగ ఉండాలె, ఇంటోళ్లు చూడొచ్చు అంతే. దుబాయ్‌కి మనకు గంటన్నర తేడా, దుబాయ్‌ల పొద్దున 11 అయితే కాజీపేటల 12:30, అమెరికా వాళ్ల లెక్క అర్ధరాత్రి మేలుకునే బాధ లేదు. 2022 నుంచి దుబాయ్‌ల వారాంతం శని, ఆదివారాలే కాబట్టి మన ఆదివారంతోని కలుస్తది, కువైట్‌ల ఇంకా శుక్రవారం, శనివారమే. ఫోన్ పట్టుకునేందుకు ఒక్క మనిషిని పెట్టండి, వాళ్లకు వేరే పని చెప్పకండి. కాజీపేటల కూడ టీవీకి కలిపెటందుకు ఒక పిల్లగాన్ని పెట్టండి, లేకపోతే అమ్మ ఫోన్ చెవి కాడ పెట్టుకొని మనకు తన చెవి చూపిస్తది.

అమ్మకు చూసుడే కాకుంట ఏదన్న పని ఇయ్యండి. మా అమ్మ తెల్ల గౌను కుట్టించి దుబాయ్ వచ్చేటోళ్ల చేతికిచ్చి పంపింది. వెనక బటన్లు వద్దు, నాడాలు పెట్టించమనండి, బట్ట వచ్చేలోపల బిడ్డ పెరుగుతది. చర్చిల ఏసీ ఉంటది, తల తుడిచెటందుకు మెత్తటి తువాల పెట్టుకోండి, అరగంట ముందు పాలు పట్టండి. అభ్యంగన తైలం రాసినంక గౌనుకు మరక పడ్తది, పోదు, మాది పోలే.

దుబాయ్‌ల ఆ రోజు తిండి అంటే బగారా అన్నం, మటన్. నా లెక్క ముప్పై మందికి మూడున్నర కిలోల బియ్యం, ఐదు కిలోల మటన్, మనోళ్లు బగారా కంటే మటనే ఎక్కువ తింటరు. ఫ్లాటుల రెండు పొయ్యిల మీద వండుదాం అనుకోకండి, నేను అనుకున్న, బగారా అడుగంటింది. బగారా తెలుగు మెస్సుల చెప్పి మటన్ ఒక్కటి ఇంట్ల వండుకోండి. మందు గురించి మామయ్యలు అడుగుతరు, దుబాయ్ రూల్స్ వేరే, కాజీపేట బంతిల చూసుకుందాం అని చెప్పండి.

కాజీపేట వచ్చినంక ఫాతిమా కెథడ్రల్‌ల కృతజ్ఞతా పూజ (మాస్) చెప్పించండి, తొట్టెల వేయనోళ్లు అప్పుడే వేసుకోండి, బంతి పెట్టండి, కట్నాలు చదివించేటోళ్లు చదివిస్తరు. మల్లొకసారి నీళ్లు పోయించాలె అని ముసలోళ్లు అంటే వద్దనండి, జ్ఞానస్నానం ఒక్కసారే.

దుబాయ్ విడిచిపెట్టి వచ్చేటోళ్లు రిజిస్టర్ నంబరు, తారీఖు రాసి పెట్టుకోండి, పెండ్లప్పుడు కొత్తగ తీసిన సర్టిఫికెట్ అడుగుతరు, పాతది చెల్లదు. ఇంకా కొవ్వొత్తి. ఫాదర్ ఇచ్చిన కొవ్వొత్తిని పార్కింగుల కారుల పెట్టకండి. చిన్నోనిది మే నెలల అయింది, చర్చి నుంచి హాల్‌కు పోయి వచ్చేలోపల అది కొడవలి లెక్క వంగింది, ఇప్పుడు మా అమ్మ ఇంట్ల మరియమాత ఫోటో పక్కన గట్లనే వంకరగ ఉంది.