రిసెప్షన్‌లో ఫ్లాష్ దానంతటదే కొడుతోందా? సమస్య - పరిష్కారం

స్టేజీ మీద జంట నిలబడ్డారు, పక్కన బంధువులు సర్దుకున్నారు. మీరు బటన్ నొక్కారు. ఫొటో నల్లగా వచ్చింది. మళ్లీ నొక్కితే బాగా వచ్చింది. మూడోదానికి సగం వెలుతురే పడింది. ఏమైందా అని కెమెరా దించి చూస్తుంటే, ఎవరూ ఏమీ నొక్కకుండానే స్టాండు మీది లైటు ఫట్‌మని కొట్టింది.

వైజాగ్‌లో ఇప్పుడు ఏ రిసెప్షన్‌కి వెళ్లినా స్టేజీ ముందు మనం ఒక్కళ్లమే ఉండం. డెకరేషన్ వాళ్లు పూల పని తీయించుకోవడానికి ఒక కుర్రాణ్ణి పెడతారు. బ్యూటీషియన్ గారి అసిస్టెంటు పెళ్లికూతురి మేకప్, జడ తీస్తూ ఉంటుంది. రీల్స్ తీసే మనిషి వేరే. ఫొటో నల్లగా రాగానే మనవాళ్లు చేసేవి రెండే పనులు: గబగబా బ్యాటరీలు మార్చడం, లేదా పక్కవాళ్ల మీద కేకలేయడం. అసలు చూడాల్సింది మాత్రం ఎవరూ చూడరు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే తంతు.

ముందు ట్రిగ్గర్ ఆపండి

కెమెరా మీది ట్రిగ్గర్ (లైట్లకి రేడియోలో కొట్టమని చెప్పే డబ్బా) ఆఫ్ చేసి, ఒక్క నిమిషం లైట్ల వైపే చూస్తూ నిలబడండి. లైటు అప్పుడూ కొడుతుంటే మీ కెమెరాలోనూ బ్యాటరీలోనూ తప్పు లేదు, ఇంకెవరో దాన్ని కొట్టిస్తున్నారు. వాళ్లు కొట్టించిన మరుక్షణం మీరు నొక్కితే లైటు ఇంకా ఛార్జ్ అవుతూ ఉంటుంది. నల్ల ఫొటో, సగం వెలుతురు ఫొటో అందుకే వస్తాయి.

తర్వాత లైటు మీది స్లేవ్ సెన్సర్‌ని, అంటే వేరే ఫ్లాష్ వెలుతురు చూసి లైటుని కొట్టించే చిన్న బుడిపెని, అరచేత్తో గట్టిగా మూయండి. కొట్టడం ఆగితే కారణం పక్కవాళ్ల ఫ్లాష్ వెలుతురు. ఆగకపోతే వాళ్ల రేడియో ట్రిగ్గర్. ట్రిగ్గర్ ఆపాక లైటు అసలు కొట్టకుండా ఊరుకుంటే, అప్పుడు మీ బ్యాటరీలు చూసుకోండి.

రేడియో అయితే

ఇది తేలిక. ఇక్కడ చాలామంది దగ్గర ఉండేది గోడాక్స్ కంపెనీ సామానే. అందులో 32 ఛానళ్లు ఉంటాయి, పైన 1 నుంచి 99 దాకా ఐడీ పెట్టుకోవచ్చు. అన్ని ఉన్నా అందరూ ఒకటో ఛానల్లోనే ఉండిపోతారు. ట్రిగ్గర్లోనూ ప్రతి లైటులోనూ ఛానల్, ఐడీ రెండూ మార్చండి. ఒక్క లైటు మర్చిపోయినా అది పక్కవాళ్ల మాటే వింటుంది. గ్రూపు (ఒకే ఛానల్లో లైట్లని విడదీసే ఎ, బి, సి అక్షరం) ఒక్కటి మారిస్తే చాలనుకునేవాళ్లు ఉన్నారు. చాలదు, అవతలివాళ్లకీ అవే గ్రూపులు ఉంటాయి.

వెలుతురు అయితే

నన్ను దెబ్బతీసింది ఇదే. గాజువాక వైపు ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. ఛానల్ ముందే మార్చుకున్నాను కాబట్టి ధీమాగా ఉన్నాను. అయినా మూడు ఫొటోలకి ఒకటి నల్లగా వస్తోంది. బ్యాటరీలు మార్చాను, ఛానల్ మళ్లీ మార్చాను, తేడా లేదు. డెకరేషన్ వాళ్ల కుర్రాడు నా మోచేతి పక్కనే నిలబడి తీస్తున్నాడు. అందరి ముందే అతని మీద అరిచాను. "అన్నా, నేనేటి చేశాను?" అంటూ పక్కకి వెళ్లిపోయాడు. అంతలో పెళ్లికూతురి అమ్మమ్మగారిని ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించారు. ఆవిడ శ్రీకాకుళం నుంచి వచ్చారు, ఎక్కువసేపు నిలబడలేరు. నాలుగు ఫొటోలు తీశాను. మూడు నల్లవి. నాలుగోదానిలో ఆవిడ కళ్లు మూసుకున్నారు. మళ్లీ నిలబెట్టమని అడగలేకపోయాను.

భోజనాల వేళ లైట్లు దగ్గరికెళ్లి చూశాను. స్టేజీకి రెండు వైపులా పెట్టే అంబ్రెల్లా లైట్ల వెనక, ప్లగ్గు పక్కన, బఠాణీ గింజంత బుడిపె ఒకటి ఉంటుంది. అదే స్లేవ్ సెన్సర్. హాల్లో ఎక్కడ ఫ్లాష్ కొట్టినా చూసి తానూ కొడుతుంది. ట్రిగ్గర్ మాట విని లైటుని కొట్టించే రిసీవర్లు తక్కువైనప్పుడు ఒక లైటుకి రిసీవర్ పెట్టి, మిగతావాటిని స్లేవ్‌లో వదిలేయడం మనకి అలవాటు. అంతకు ముందు ఫంక్షన్‌కి నా అసిస్టెంటు అలాగే పెట్టాడు. ఈసారి రిసీవర్లన్నీ తగిలించాం గానీ స్లేవ్ ఆపలేదు. లైటు రెండు చెవులతోనూ వింటోంది. నేను మార్చిన ఛానల్‌తో దానికి పనే లేదు. ఆ కుర్రాడు తన కెమెరా మీది ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ నా లైట్లు కొట్టాయి. తప్పు నాది. వెళ్లి క్షమించమని అడిగాను.

పరిష్కారం: స్లేవ్ బటన్ ఉంటే ఆపేయండి. పాత లైట్లలో బటన్ ఉండకపోతే ఆ బుడిపె మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు వేయండి, ఒక పొరలోంచి వెలుతురు దూరొచ్చు. బ్యాటరీ ఫ్లాష్‌లు ఎస్1 లోనో ఎస్2 లోనో (రెండూ వెలుతురు చూసి కొట్టే స్లేవ్ మోడ్‌లే) ఉండిపోతే రేడియో రిసీవర్ మోడ్‌లోకి మార్చండి. ఎస్1 నుంచి ఎస్2కి మార్చి సరిపోయిందనుకోవద్దు. ఎస్2 ముందొచ్చే చిన్న ప్రీఫ్లాష్‌ని వదిలేస్తుంది గానీ అసలు ఫ్లాష్‌కి కొడుతుంది. ప్రతి లైటుకీ ఒక రిసీవర్ కొనండి. కొనలేకపోతే ఆ లైటుని ఆ రోజు స్టేజీ దగ్గర పెట్టకండి.

ఇదంతా జంట రాకముందు చేయాలి. అసిస్టెంటుని హాలు మధ్యలో నిలబెట్టి, విడిగా ఒక ఫ్లాష్ చేతికిచ్చి నాలుగు దిక్కులా కొట్టించండి. మీ లైట్లలో ఒక్కటి కూడా కొట్టకూడదు.

మరికొన్ని

వెలుతురు ఎక్కువైపోయి మొహాలు తెల్లబడితే, పక్కవాళ్ల ఫ్లాష్ మీ ఫొటోలో పడిందన్నమాట. వెనకున్న డెకరేషన్ లైట్లు కనిపించాలని షట్టర్ స్పీడు 1/30, 1/60లో తీస్తే ఇది ఎక్కువ. 1/160కో 1/200కో పెంచండి. రుషికొండ, భీమిలి వైపు బీచ్ లాన్లలో పనిచేసే వాళ్లకి ఉప్పు గాలికి హాట్‌షూ (కెమెరా పైన ఫ్లాష్, ట్రిగ్గర్ తగిలించే చోటు) పిన్నులు మసకబారి ఫ్లాష్ ఒకసారి కొట్టి ఒకసారి మానేస్తుంది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ట్రిగ్గర్ పాడవడం, ఎల్‌ఈడీ వాల్ వల్ల రేడియో తడబడడం చాలా అరుదు, చివర్లో చూసుకోండి.

గ్రూపు ఫొటోలో సగం మంది పక్క కెమెరా వైపు చూస్తున్నారంటే దానికి సెట్టింగు లేదు, మాటే మందు. స్టేజీ ఖాళీగా ఉన్నప్పుడే డెకరేషన్ వాళ్లకి, బ్యూటీషియన్ గారికి పది నిమిషాలు వదిలేయండి. "తమ్ముడూ, పెద్దవాళ్లు స్టేజీ ఎక్కినప్పుడు ఒక్క క్షణం ఆగు, నీకు కావాల్సిన ఫొటోలు నేనిస్తాను" అంటే ఎవరూ కాదనరు. ఇచ్చేముందు పెళ్లివాళ్లని అడగండి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అడ్వాన్సు తీసుకునే రోజే ఆ అనుమతి కాగితం మీద రాయించుకుంటే, స్టేజీ దగ్గర మళ్లీ అడగక్కర్లేదు.