స్విచర్ బటన్ నొక్కే ముందు

సభలో ఏ ల్యాప్‌టాప్ లేదా కెమెరా దృశ్యం ప్రొజెక్టర్ తెర మీదకు వెళ్లాలో మార్చే పెట్టే స్విచర్.

☐ కేబుళ్లు. విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు హాళ్లలో, ఉప్పుగాలికి పిన్నులు త్వరగా పాడవుతాయి. వీజీఏ (పాత రకం వీడియో) కేబుల్ అయితే స్క్రూలు బిగించండి. ఒక్క పిన్ను అందకపోయినా తెరంతా పసుపు రంగుకో గులాబీకో తిరగొచ్చు.

☐ ప్రతి బటన్ కింద టేపు అంటించి రాయండి: 1 స్టేజి ల్యాప్‌టాప్, 2 కెమెరా.

☐ ఆటో స్విచింగ్ (కొత్తగా తగిలించిన దానికి స్విచర్ తనంతట తానే మారడం) ఆపేయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. సిరిపురంలో ఒక సభలో నేను మర్చిపోయాను. వక్త మాట్లాడుతుండగా ఎవరో రెండో ల్యాప్‌టాప్ తగిలించారు, అంతే, స్లైడు పోయి వాళ్ల పెళ్లి ఫొటో వచ్చింది. హాలంతా చప్పట్లు!

☐ ల్యాప్‌టాప్‌లన్నీ ఒకే రిజల్యూషన్‌లో, 1920×1080, 60 హెర్ట్జ్‌లో పెట్టండి. స్కేలర్ (సిగ్నళ్లన్నిటినీ ఒకే రిజల్యూషన్‌కు మార్చే భాగం) లేని స్విచర్‌లో ఇన్‌పుట్ మార్చినప్పుడు ప్రొజెక్టర్ సిగ్నల్‌ను కొత్తగా పట్టుకోవాలి. కొన్ని సెకన్లు తెర నల్లబడుతుంది. టెన్షన్ పడి బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి, ఇంకా ఆలస్యమవుతుంది.

☐ వీజీఏలో ఆడియో రాదు. దానికి వేరే వైరు కావాలి.

☐ ల్యాప్‌టాప్‌లో స్లీప్, స్క్రీన్ సేవర్ ఆపారా? ఛార్జర్ పెట్టారా?