తిరుపతికి వచ్చినవాళ్ళను చేతిపనుల ఊళ్ళకు తీసుకెళ్ళే ఒకరోజు యాత్ర ఎలా పెట్టాలి?

తిరుమల దర్శనం టోకెన్ చేతికొచ్చాక చాలామందికి కింద తిరుపతిలో ఒక పూటో, ఒక రోజో ఖాళీ దొరుకుతుంది. ఎక్కువమంది ఆ కాలాన్ని లాడ్జి గదిలోనే గడిపేస్తారు. రేణిగుంట దాటి కొంచెం ముందుకెళ్తే గుడిమల్లం, మాధవమాల, శ్రీకాళహస్తి అన్నీ ఒకే దిక్కున ఉన్నాయి. జనాన్ని అటు తీసుకెళ్దాం, మన ఊళ్ళవాళ్ళకు నాలుగు రూపాయలు వస్తాయి అన్న ఆలోచన ప్రతి రెండేళ్ళకూ ఎవరికో ఒకరికి వస్తుంది. సంఘం పెడతారు, బ్యానర్ కడతారు, మూడో నెలకు ఆగిపోతుంది. నేను చూసినవన్నీ ఒకే కారణంతో ఆగిపోయాయి. ఆ కారణం డబ్బు పంచుకునే తీరు. దాని సంగతి చెప్పేముందు తేలిక పనులు ముగించేద్దాం.

1. సంఘం, బండి

ఏడుగురు ఉంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం నమోదు చేయించుకోవచ్చు. ఆ ఏడుగురిలో ముగ్గురైనా చేత్తో పనిచేసేవాళ్ళు ఉండాలి. అందరూ లాడ్జీలవాళ్ళూ ట్రావెల్స్‌వాళ్ళూ అయితే మొదటి మీటింగులోనే కమీషన్ల మాట వస్తుంది. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తెరవండి.

బండి పసుపు బోర్డుదే ఉండాలి. తెలిసినవాళ్ళది కదా అని తెల్లబోర్డు బండిలో డబ్బులు తీసుకొని జనాన్ని ఎక్కించకండి. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ చాలు, పదిహేడు సీట్లది వద్దు. పన్నెండు దాటితే కాళహస్తిలో కలంకారీ (గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసే పని) చేసేవాళ్ళ ఇంటి వసారాలో వెనకవాళ్ళకు గుడ్డ కనబడదు, మాట వినబడదు, ఎవరో ఒకరు మైకు అడుగుతారు. మైకు పెడితే పనిచేసే మనిషి నోరు మూసుకుంటాడు.

2. రోజు, దారి

మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోండి. ఆదివారం వద్దే వద్దు. ఆ రోజు రాహుకాలం సాయంత్రం 4.30 నుంచి 6 దాకా ఉంటుంది, రాహుకేతు పూజకు వచ్చినవాళ్ళతో కాళహస్తి వీధులు నిండిపోతాయి.

పొద్దున 7కు తిరుపతిలో బయల్దేరి మొదట గుడిమల్లం వెళ్ళండి. అక్కడి పరశురామేశ్వర లింగం క్రీస్తుపూర్వపు కాలం నాటిదని చాలామంది పండితుల మాట. లింగం ముందుభాగంలో యక్షుడి భుజాల మీద నిలబడిన శివుడు ఉంటాడు. వెనక్కి వెళ్ళి గర్భగుడి బయటి గోడను కూడా చూపించండి, ఏనుగు వీపులా వంపు తిరిగి ఉంటుంది. దగ్గర్లోనే గాజు పూసలకు పేరుపడ్డ పాపానాయుడుపేట ఉంది. పని జరిగే రోజేదో ముందే ఫోన్ చేసి కనుక్కొని, ఆ రోజైతేనే ఆగండి. తర్వాత చెక్కబొమ్మల మాధవమాల. మధ్యాహ్నం దాటాక కాళహస్తి.

చంద్రగిరి కోట కూడా కలపండి అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. కోట గొప్పదే, రాజమహల్‌లోని మ్యూజియం చూడదగ్గదే. కానీ అది తిరుపతికి పడమటి వైపు, మనం వెళ్ళేది తూర్పుకు. రెండూ ఒకే రోజు పెట్టినవాళ్ళ బండ్లలో జనం కిటికీకి తల ఆనించి నిద్రపోవడం నేను చూశాను. ఒక దిక్కు పట్టుకుంటే ఆ దిక్కే.

3. డబ్బు మాట: ఇక్కడ తొందరపడకండి

మామూలుగా జరిగేది ఇదీ. పనివాళ్ళ ఇంటికి వెళ్ళినందుకు పైసా ఇవ్వరు. "జనాన్ని తెస్తున్నాం కదన్నా, కొంటారులే" అంటారు. ఆ కొన్నదాంట్లో డ్రైవరుకు ఒక వాటా, గైడుకు ఒక వాటా. వాటా ఇవ్వాలి కాబట్టి పనివాడు ధర పెంచుతాడు. ధర చూసి వచ్చినవాళ్ళు బేరం మొదలుపెడతారు. కొన్నాళ్ళకు బండి ఆ ఇంటి ముందు ఆగడం మానేసి, వాటా ఎక్కువిచ్చే దుకాణం ముందు ఆగుతుంది. మా మొదటి ఏడాది ఒక డ్రైవరు సరిగ్గా ఇదే చేశాడు. ఆ దుకాణంలో మిషన్ మీద ముద్ర వేసిన గుడ్డను కలం పని అని అమ్మారు. కొన్న ఆవిడ మరుసటి రోజు నాకు ఫోన్ చేసి, "అన్నా, మీ మీద నమ్మకంతో వచ్చాం కదా" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

అందుకే మొదటి నియమం: చూపించినందుకు కూలి వేరు, అమ్మకం వేరు. కలంకారీ పని ఎలా నడుస్తుందో తెలిస్తే ఇది ఎందుకో అర్థమవుతుంది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు, లేకపోతే రంగు పాకిపోతుంది. చింతబొగ్గుతో గీత గీస్తారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన నల్లరంగు, కసిమి, వెదురు కలంతో దిద్దుతారు. పటిక పూస్తారు, ఉడకబెడతారు, పారే నీళ్ళలో ఉతుకుతారు, మళ్ళీ మళ్ళీ ఆరబెడతారు. ఎండను బట్టి నడిచే పని ఇది. పన్నెండుమంది వచ్చి రెండు గంటలు కూర్చుంటే ఆ పూట పని పోయినట్టే. కాబట్టి ఆ ఇంటివాళ్ళ సగం రోజు సంపాదన ఎంతో వాళ్ళనే అడగండి, అదే మీ కూలి. ఒక్కరూ ఏమీ కొనకపోయినా ఆ డబ్బు ఇవ్వాలి. బండి ఎక్కకముందే, చేతిలో పెట్టాలి. నెలాఖరుకు లెక్క చూద్దాం అనే సంఘాన్ని ఏ పనివాడూ రెండోసారి నమ్మడు.

రెండోది, డ్రైవరుకు రోజు బాడుగ మీద కొంచెం ఎక్కువే ఇవ్వండి, వాటా మాత్రం ఎక్కడా తీసుకోకూడదని కాగితం మీద రాయించండి. నోటిమాట చాలదు. "మనోడే కదా" అనుకున్న చోటే నేను దెబ్బతిన్నాను. ఆ కాగితం నకలు ప్రతి ఇంట్లోనూ ఉండాలి, వాటా అడిగితే ఇంటి ఆడవాళ్ళు కూడా తీసి చూపించేలా.

మూడోది, ధర చీటీ. ప్రతి గుడ్డకూ బొమ్మకూ ధర రాసి కట్టించండి. బేరం లేదని బండిలోనే చెప్పండి. కొందరు ముఖం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. ఈ గుడ్డకు ఎన్ని రోజులు పట్టిందో కూడా చీటీ మీద రాస్తే సగం బేరాలు అక్కడే ఆగిపోతాయి.

నాలుగోది, అసలూ నకిలీ ఎలా గుర్తుపట్టాలో వచ్చినవాళ్ళకు మీరే నేర్పండి. గుడ్డలో ఒకే నెమలి రెండు చోట్ల ఉంటే రెండింటినీ పక్కపక్కన చూడమనండి. తేడా లేకుండా ఉంటే అది అచ్చు. చేత్తో గీస్తే రెక్క కొసలో ఎక్కడో గీత మారుతుంది. అచ్చు అద్దకం తక్కువ పని అని మాత్రం ఎవరికీ చెప్పకండి. కృష్ణా జిల్లా పెడనవాళ్ళ చెక్క అచ్చుల పని వేరే విద్య, దానికీ ఎంతో ఓపిక కావాలి. అచ్చును కలం పేరుతో అమ్మడమే తప్పు. ఈ పాఠం చెబితే దుకాణాలవాళ్ళు మీ మీద కోప్పడతారు. మా మీదా కోప్పడ్డారు. పద్మశ్రీ జొన్నలగడ్డ గురప్పచెట్టి లాంటివాళ్ళు ఒక జీవితకాలం పెట్టి నిలబెట్టిన కలం అది, దాని పేరు కాపాడే పనిలో మనం మొహమాటపడకూడదు.

4. భోజనం, తిరుగు ప్రయాణం

భోజనం హోటల్లో వద్దు. ఊళ్ళో డ్వాక్రా సంఘం ఆడవాళ్ళతో రెండు రోజుల ముందే మాట్లాడుకోండి. రాగి సంకటి, చెనక్కాయల ఊరిబిండి, పప్పు, మజ్జిగ. చలికాలమైతే పితికిపప్పు పులుసు తప్పకుండా. నాటుకోడి అడిగేవాళ్ళు ఉంటారు, దర్శనానికి వెళ్ళబోయేవాళ్ళూ అదే పంక్తిలో ఉంటారు కాబట్టి పెట్టకండి. తలకు ఇంత అని ముందే మాట్లాడి, ఆ డబ్బు కూడా లేచేముందే ఇచ్చేయండి.

కాళహస్తి గుడి చూసుకొని సాయంత్రం 5 లోపు వెనక్కి తిరగండి. పొద్దున బండి ఎక్కించేటప్పుడే ఒక్కొక్కరి టోకెన్ మీద ఉన్న సమయం నోటుబుక్కులో రాసుకోండి. ఆ రాత్రికే దర్శనం ఉన్నవాళ్ళు ఎంత బతిమాలినా ఎక్కించుకోకండి, ఇంకో రోజుకు పేరు రాసుకొని పంపేయండి.