జర్మనీలో ఇల్లు మారేముందు: నోటీసు లెక్క నుంచి లెటర్‌బాక్స్ దాకా

కొత్త ఇంటి అగ్రిమెంటు మీద సంతకాలు పడేదాకా పాత ఇంటికి నోటీసు ఇవ్వకండి. అద్దెకున్నవాళ్లు ఇవ్వాల్సిన నోటీసు మామూలుగా 3 నెలలు. మార్చి నెల లెక్కలోకి రావాలంటే ఆ నెల మూడో పనిదినంలోపు కాగితం ఓనరుకు అందాలి. అప్పుడే మే ఆఖరుకు బయటపడతారు. ఒక్కరోజు ఆలస్యమైతే జూన్ అద్దె కూడా మీ నెత్తినే. ఈమెయిలూ వాట్సాపూ చెల్లవు, పెన్నుతో సంతకం పెట్టిన కాగితమే కావాలి. అగ్రిమెంటులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే సంతకాలూ రెండుండాలి. మన తర్వాత దిగేవాళ్లను, అంటే నాఖ్‌మీటర్‌ని చూపిస్తే ముందే వదిలేస్తారని చాలామంది నమ్ముతారు. ఓనర్ ఒప్పుకుంటే మంచిదే, ఒప్పుకుని తీరాలని మాత్రం లేదు. అందుకే ఒకట్రెండు నెలలు రెండిళ్ల అద్దెకు డబ్బు పక్కన పెట్టుకునే వెతకడం మొదలుపెట్టాలి.

ప్రకటనలో పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు కాల్ట్‌మీటే, అంటే ఉత్త అద్దె. దానికి నీళ్లు, చెత్త, మెట్ల శుభ్రం, హీటింగ్ లాంటివి కలిస్తే వార్మ్‌మీటే. కరెంటు, ఇంటర్నెట్ దాదాపు ఎప్పుడూ విడిగానే. ఫ్లాట్‌లోనే గ్యాస్ బాయిలర్ ఉంటే హీటింగ్ ఖర్చు కూడా విడిగా ఉండొచ్చు, అడగండి. ఈ అదనపు ఖర్చులకు నెలనెలా కట్టేది అడ్వాన్సు మాత్రమే, అసలు లెక్క ఏడాదికోసారి తేలుతుంది. 75 చదరపు మీటర్ల ఇంటికి హీటింగ్‌తో కలిపి 90 యూరోలే అంటే సంబరపడొద్దు, ఏడాది తిరిగేసరికి బాకీ బిల్లు వస్తుంది. పోయినేడాది లెక్క చూపించమనండి.

రెండు గదులంటే ఒక హాలు, ఒక బెడ్‌రూమ్. వంటగది, బాత్‌రూమ్ ఆ లెక్కలోకి రావు. ఐన్‌బావ్‌క్యుషె, అంటే సామాన్లు బిగించిన వంటగది అని రాసి లేకపోతే వంటగదిలో సింకు కూడా ఉండకపోవచ్చు, గోడలోంచి పొడుచుకొచ్చిన పైపులే కనిపిస్తాయి.

కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా ముందే సిద్ధం చేసుకోండి: 3 నెలల పేస్లిప్పులు, ఉద్యోగ కాంట్రాక్టు, షుఫా (అప్పులు, బాకీల రికార్డు ఉంచే సంస్థ) రిపోర్టు, అద్దె బాకీ లేదని పాత ఓనర్ ఇచ్చిన చీటీ. ఆయన ఇవ్వనంటే బలవంతం చేయలేం, అద్దె కట్టినట్టు చూపే బ్యాంక్ స్టేట్‌మెంట్లు పెట్టండి. షుఫా ఉచితంగా ఇచ్చే కాపీలో మీ ఖాతాల వివరాలన్నీ ఉంటాయి, దాన్ని ఓనర్ చేతిలో పెట్టకండి. వాళ్లకోసం వేరే చిన్న సర్టిఫికెట్ ఉంది, డబ్బు కట్టి తీసుకోవాలి. మొదటి మెసేజ్ జర్మన్‌లో ఆరేడు లైన్లు చాలు: ఉద్యోగం, నెల జీతం, ఎంతమంది ఉంటారు, ఎప్పుడు దిగగలరు, వీసా ఎప్పటిదాకా ఉంది. ఈ ఆఖరిది దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఓనరుకు మొదట వచ్చే అనుమానం అదే.

"నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి" అన్నారంటే అది మోసమే. ఇల్లు చూడకుండా పైసా పంపొద్దు, పాస్‌పోర్ట్ కాపీ కూడా. చట్టం ప్రకారం డిపాజిట్ 3 నెలల కాల్ట్‌మీటే దాటకూడదు, దాన్నీ 3 సమాన వాయిదాల్లో కట్టొచ్చు. బ్రోకర్‌ను ఓనర్ పెట్టుకుంటే ఫీజు ఓనరే కట్టాలి, 2015 జూన్ నుంచి ఇదే రూలు.

చూడటానికి వెళ్లినప్పుడు బయటి గోడ మూలలు, కిటికీ అంచులు గమనించండి. ఒక్క మూలకే కొత్త పెయింట్ వేసి ఉంటే కింద బూజు ఉండే అవకాశం ఎక్కువ. తాళాలు తీసుకునే రోజు మీటర్ రీడింగులు, గీతలు, తాళాల సంఖ్య అన్నీ అప్పగింత కాగితంలో రాయించి ఫోటోలు తీసుకోండి.

దిగిన 2 వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, దానికి ఓనర్ సంతకం చేసిన ఫారం కావాలి. నమోదుకు ఓనర్ ఒప్పుకోని ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఆ రోజే లెటర్‌బాక్స్ మీద పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఇంటిపేరు అంటించండి. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే రెండూ రాయండి. ఇక్కడ ఫ్లాట్ నంబరు కాదు, పేరు చూసే ఉత్తరం వేస్తారు.