ఓడ దిగిన ఆ ఎనిమిది గంటలు: వేసవి సెలవుల్లో సింగపూర్ క్రూజ్‌కి వెళ్లేవారికి జాగ్రత్తలు

మన బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో, మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలో. అండమాన్ సముద్రం మీద నైరుతి గాలులు మొదలయ్యేది మేలో. అంటే సింగపూర్‌లో ఎక్కి మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫూకెట్ చూసి వచ్చే మూడు నాలుగు రాత్రుల క్రూజ్‌కి మనకు వీలు దొరికే రోజులే ఫూకెట్ సముద్రం మొండికేసే రోజులు. టికెట్లు కాస్త చవగ్గా కనిపించడానికి అదీ ఓ కారణం.

ఓడ గురించి పెద్దగా భయం అక్కర్లేదు. మలక్కా జలసంధికి పడమటి గాలి నేరుగా తగలకుండా సుమత్రా దీవి అడ్డుంటుంది కాబట్టి పెనాంగ్ దాకా ప్రయాణం సాధారణంగా చెరువు మీద వెళ్తున్నట్టే ఉంటుంది. సుమత్రా ఉత్తర కొన దాటాక ఆ అడ్డు పోతుంది, బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే పొడవాటి అలలు తగులుతాయి. తల తిరిగేవాళ్లు కింది అంతస్తులో, ఓడ మధ్య భాగంలో ఉన్న గది తీసుకోవాలి. ఊగడం అక్కడే తక్కువ. ఎవోమిన్ లాంటి మాత్రను వాంతి మొదలయ్యాక వేసుకుంటే పొట్టలో నిలవదు, గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి. దానివల్ల మత్తుగా ఉంటుంది. ఎవోమిన్‌లో ఉండే ప్రొమెథజైన్‌ను రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు డాక్టర్ని అడిగి వేసుకోవాలి. అసలు ప్రమాదాలన్నీ ఓడ దిగి నేల మీదికి వెళ్లిన ఆ ఏడెనిమిది గంటల్లోనే ఉన్నాయి.

కాగితాలు

సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో ముందు చూసుకోండి. విమానంలో దిగినప్పుడు ఒక ఎంట్రీ అయిపోతుంది. ఓడ పెనాంగ్ వెళ్లి తిరిగొస్తే అది రెండో ఎంట్రీ. సింగిల్ ఎంట్రీ వీసాతో ఎక్కనివ్వరు, ఎక్కనిచ్చినా తిరిగొచ్చాక చిక్కే. సింగపూర్ అరైవల్ కార్డు (ఆన్‌లైన్‌లో నింపే ప్రవేశ పత్రం) కూడా రెండుసార్లు నింపాలి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచే నింపనిస్తారు కాబట్టి రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. మలేషియాకి ఎండీఏసీ, థాయ్‌లాండ్‌కి 2025 మే 1 నుంచి వచ్చిన టీడీఏసీ ఇలాంటివే. వీటిలో మీరు నింపాల్సినవేవో, ఓడ కంపెనీ చూసుకునేవేవో వాళ్లు పంపే మెయిల్‌లో ఉంటుంది, దాన్ని చదవకుండా వదలొద్దు. ఈ మూడు కార్డులూ ఉచితం. డబ్బు అడిగిన సైట్ ఏదైనా ప్రభుత్వానిది కాదని అర్థం.

మలేషియా, థాయ్‌లాండ్ మనవాళ్లకు ఇస్తున్న వీసా మినహాయింపులు గడువు పెట్టి, మారుస్తూ ఇచ్చేవి. టికెట్ కొనేటప్పుడు ఒకసారి, బయలుదేరే వారంలో ఇంకోసారి చూసుకోవాలి. ‘మేం ఫూకెట్‌లో దిగంలెండి’ అన్నా చాలా కంపెనీలు ఒప్పుకోవు, దారిలో ఉన్న ప్రతి దేశంలోకీ ప్రవేశించే అర్హత ఉంటేనే ఎక్కనిస్తాయి. పాస్‌పోర్టుకి తిరుగు ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

సంచిలో పెట్టకూడనివి

మనవాళ్లకు తెలియక ఇబ్బంది తెచ్చిపెట్టే వస్తువు గసగసాలు. సింగపూర్‌లో వాటిని మత్తుమందుల చట్టం కింద చూస్తారు. గరం మసాలా పొడిలో కలిపినవైనా సరే ఇంట్లోనే వదిలేయండి. గుట్కా, ఖైనీ, జర్దా, ఈ–సిగరెట్లు అక్కడ నిషేధం. సిగరెట్లకు సుంకం మినహాయింపు లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి సుంకం కట్టాలి. ఈ–సిగరెట్‌తో థాయ్‌లాండ్‌లో దొరికినా కేసే. కోడీన్ ఉన్న దగ్గు మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు సింగపూర్ హెచ్‌ఎస్‌ఏ (అక్కడ మందులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) అనుమతి కావాలేమో ముందే చూసుకుని, మాత్రలను స్ట్రిప్‌లతోనే, డాక్టర్ చీటీతో సహా పెట్టుకోవాలి. ఎవరో ఇచ్చిన పొట్లం ‘అక్కడ మా అబ్బాయికి ఇచ్చేయండి’ అంటే, ఎంత దగ్గరి చుట్టమైనా తీసుకోవద్దు. సింగపూర్‌లో మాదకద్రవ్యాల రవాణాకి మరణశిక్ష ఉంది.

ఓడలోకి కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసుకెళ్లనివ్వరు. సముద్రం మీద అన్నిటికంటే పెద్ద భయం మంటలు. స్కానింగ్‌లో దొరికినవి తీసి పెట్టుకుని, దిగేటప్పుడు ఇస్తారు. ఇంట్లో పెట్టిన ఆవకాయ, పులిహోర కూడా చాలా ఓడల్లో కుదరవు. కంపెనీ సీలు ఉన్న పొడులు, బిస్కట్లు అయితే సాధారణంగా అభ్యంతరం ఉండదు. శాకాహారం, జైన భోజనం కావాలంటే ఓడ ఎక్కాక అడిగే బదులు బుకింగ్ అప్పుడే రాయించాలి.

రేవులో అప్పగించిన పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. బీపీ, షుగర్ మందులు, పాస్‌పోర్టు, పిల్లల బట్టలు ఒక జత చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ పెట్టెలో వేయనే వేయకూడదు.

గడియారం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఓడ తప్పిపోవడానికి ఇదొక్కటి చాలు. సింగపూర్, మలేషియా సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. థాయ్‌లాండ్ గంటన్నరే ముందు. చాలా ఓడలు దారి పొడవునా సింగపూర్ సమయమే పాటిస్తాయి. మీ ఫోన్ మాత్రం ఫూకెట్ టవర్ తగలగానే తనంతట తాను గంట వెనక్కి జరుగుతుంది. ఓడ ‘సాయంత్రం 5కి అందరూ లోపల ఉండాలి’ అంటే ఫూకెట్ లెక్కలో అది 4. ఫోన్ చూసుకుని ‘ఇంకా గంట ఉంది కదా’ అని బజారులో ఉంటే అప్పటికే గేటు మూసేస్తారు. ఆటోమేటిక్ టైమ్ ఆఫ్ చేయండి, లేదా చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ సమయం ఉంచుకోండి. దిగే ముందు గ్యాంగ్‌వే (ఓడ దిగే దారి) దగ్గర గడువు రాసి ఉన్న బోర్డును ఫొటో తీసుకోండి. ఆఖరి గడువు సాధారణంగా ఓడ కదలడానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది.

పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్‌కి ఆనుకుని ఆగుతుంది. దిగి నడిచి వెళ్తే జార్జ్‌టౌన్ పాత వీధులు, లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లోని 1833 నాటి మారియమ్మన్ గుడి. దారి తప్పే ప్రశ్నే లేదు. పెనాంగ్ హిల్ రైలుకి వెళ్తే మాత్రం క్యూలో గంటలు పోవచ్చు. పోర్ట్ క్లాంగ్‌లో దిగి కౌలాలంపూర్ చూడాలనుకునేవాళ్లు ఒక వైపుకే గంట నుంచి గంటన్నర లెక్కేసుకోవాలి. సాయంత్రం రద్దీలో అది ఇంకా పెరుగుతుంది.

ఫూకెట్ సంగతి వేరు. పెద్ద ఓడలు పటోంగ్ ఖాతంలో లంగరు వేస్తాయి, ఒడ్డుకి చిన్న టెండర్ బోట్లలో చేరుస్తారు. వెళ్లేటప్పుడు క్యూ, వచ్చేటప్పుడు అంతకంటే పెద్ద క్యూ. ఆఖరి గంటలో అందరూ ఒక్కసారే వస్తారు, గంటన్నర ముందే రేవు చేరడం మంచిది. బోటులోకి అడుగు పెట్టేటప్పుడు అల ఎత్తిన క్షణంలో దూకొద్దు. సిబ్బంది చెప్పినప్పుడు, వాళ్లకు రెండు చేతులూ ఇచ్చి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ రోజు ఓడలోనే ఉండిపోతే తప్పేం లేదు. అలలు ఎక్కువైతే టెండర్లు ఆపేస్తారు. తూర్పు వైపు అవో మఖామ్ రేవుకి ఓడను మళ్లిస్తారు, లేదా ఫూకెట్‌నే వదిలేస్తారు. అందుకే బయటి టూర్ ఏజెంట్‌కి పూర్తి డబ్బు ముందే కట్టకండి.

ఫి ఫి దీవుల సంగతి

పటోంగ్‌లో దిగి ఫి ఫి చూసి రావాలని సరదా పడనివాళ్లుండరు. లెక్క వేయండి: టెండర్‌కి గంట, కొండ దాటి తూర్పు రేవుకి 45 నిమిషాలు, స్పీడ్ బోటులో ఇంకో గంట. తిరుగు ప్రయాణం మళ్లీ అంతే. చూడ్డానికి మిగిలేది గంటన్నర, రెండు గంటలు. వెళ్లాలనుకుంటే ఓడ వాళ్లు అమ్మే టూర్‌లోనే వెళ్లండి. ఖర్చు ఎక్కువే, కానీ ఆ బోటు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. ఫి ఫి దీవుల్లో పేరున్న బీచ్ మాయా బేని ఏటా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మూసేస్తారు.

వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు ఎవరు పిలిచినా బోటు ఎక్కొద్దు. 2018 జూలై 5న అలాంటి గాలివానలో ఫూకెట్ దగ్గర ‘ఫీనిక్స్’ అనే పర్యాటక పడవ మునిగి 47 మంది చైనా పర్యాటకులు చనిపోయారు. ఎక్కినప్పుడు లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోకుండా తొడుక్కుని బకిల్స్ పెట్టుకోండి. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది, చిన్న సైజు అడిగి తీసుకోండి, లేదంటే దిగిపోండి. స్పీడ్ బోటు ముందు వరుస ఫొటోలకు బావుంటుంది గానీ, అల మీంచి పడ్డప్పుడల్లా వెన్నుకి దెబ్బ తగులుతుంది. వెనక కూర్చోండి.

ఒడ్డున

ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా దిగొద్దు. ఆర్కే బీచ్, రుషికొండ తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు: ఒడ్డు నుంచి లోపలికి లాగే నీటి పాయ పైకి ప్రశాంతంగా, అలలు విరగని సందులా కనిపిస్తుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈది అలిసిపోవద్దు. తేలుతూ ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, పాయ నుంచి బయటపడ్డాక ఒడ్డుకి రావాలి.

ఈ నీళ్లలో బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది. కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. కనీసం 30 సెకన్లు వెనిగర్ ధారగా పోసి, ఆ తర్వాతే ఒంటికి అంటుకున్న దాని తీగలు తీయాలి. కొన్ని బీచ్‌లలో స్తంభాలకు వెనిగర్ సీసాలు కట్టి ఉంచుతారు. ఊపిరి ఆడకపోతే 1669కి ఫోన్ చేయాలి. మోసాలకు, గొడవలకు పర్యాటక పోలీసులు 1155.

జెట్ స్కీ అద్దెకి తీసుకుంటే ముందే చుట్టూ వీడియో తీయాలి, పాత గీతకి మీ దగ్గర డబ్బు గుంజడం అక్కడ పాత పద్ధతే. స్కూటరు జోలికి పోవద్దు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపి పడితే బీమా పైసా ఇవ్వదు. తాకట్టుగా పాస్‌పోర్టు అడిగితే అక్కడి నుంచి వచ్చేయండి.

ఒడ్డుకి వెళ్లేటప్పుడు జేబులో ఇవి ఉంటే చాలు: ఓడ కార్డు, పాస్‌పోర్టుకీ వీసాలకీ జిరాక్సులు, బీమా పత్రం ఫొటో, కొంచెం స్థానిక నగదు, ఓడ దినపత్రికలో అచ్చయ్యే పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) నంబరు. కొన్ని ఓడలు పాస్‌పోర్టులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. ఓడ తప్పిపోతే మొదట ఫోన్ చేయాల్సింది ఆ ఏజెంట్‌కే. తర్వాతి రేవుకి విమాన టికెట్ మీ ఖర్చే. బీమా కొనేటప్పుడు ‘క్రూజ్’ అని, ‘మెడికల్ ఎవాక్యుయేషన్’ (జబ్బు చేస్తే ఓడ నుంచి ఆసుపత్రికి తరలించడం) అని పాలసీలో రాసుందో లేదో చూడాలి. ఓడలోని డాక్టర్‌కి అక్కడికక్కడే ఫీజు కట్టాల్సి వస్తుంది.

తిరిగి ఓడ ఎక్కగానే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఒడ్డు దాటాక పట్టుకునే సముద్రపు నెట్‌వర్క్‌కి మన రోమింగ్ ప్యాక్‌లు సాధారణంగా వర్తించవు. వాట్సాప్‌లో ఫొటోలు తమంతట అవే ఎక్కినా బిల్లు వేలల్లో వస్తుంది. బఫేకి వెళ్లే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి, ఓడల్లో వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్ శానిటైజర్‌కి సరిగా లొంగదు. ఆఖరి రాత్రి పెట్టెలు తలుపు బయట పెట్టే ముందు, మర్నాడు వేసుకునే బట్టలు, చెప్పులు, పాస్‌పోర్టు అందులో సర్దేయలేదని చూసుకోండి.